కోరస్‌లో అమ్మమ్మ

ఆ పిల్లను హాస్టల్లో అందరూ నత్త అనేవాళ్ళు. ఎవరైనా పలకరిస్తే చాలు, గుల్లలోకి ముడుచుకుపోయేది. అలాంటి నత్త మీద ఓ పాటల కంపెనీ కేసు వేసిందంటే ముందు ఎవరూ నమ్మలేదు.

సంగతేమిటంటే, నత్త వాళ్ళ అమ్మమ్మ వయసులో ఉండగా ఓ పాటకు కోరస్ పాడింది. ఆ పాట ఇప్పుడు ఎక్కడా దొరకదు. "ఒక్కసారి వింటే చాలే" అంటుండేది అమ్మమ్మ. అందుకని నత్త ఓ ప్రోగ్రాం రాసింది. హాస్టల్ నెట్‌వర్క్‌లో ఎవరి కంప్యూటర్‌లో ఏ పాటున్నా అది పసిగడుతుంది, అడిగినవాళ్ళకు కాపీ ఇస్తుంది. అనుకున్న పాట పై అంతస్తు అక్క దగ్గర దొరికింది. తర్వాత తెగిపోయిన ఓ క్యాసెట్ నుంచి వాళ్ళ నాన్న ఎప్పుడో కంప్యూటర్‌లోకి ఎక్కించిన పాటట.

"ఫోన్లో వద్దే, నా చెవులకు సరిగ్గా ఆనదు. వచ్చినప్పుడు వినిపించు" అంది అమ్మమ్మ.

ఈలోగా హాస్టలంతా ఆ ప్రోగ్రాం మీద పడి పాటలు పంచుకుంది. కంపెనీకి ఉప్పందింది. ఆ కోరస్ పాట హక్కులూ కంపెనీవే. అది ఇంకెక్కడా దొరకదు కాబట్టి నత్త ప్రోగ్రాం నుంచే వచ్చిందని తేల్చొచ్చని, కంపెనీ లాయరు ఏరి ఏరి దాన్నే సాక్ష్యంగా పెట్టుకున్నాడు. కాపీలన్నీ కంపెనీ మనిషి ఎదుట చెరిపెయ్యాలనీ, సాక్ష్యానికి ఒక్క కాపీ మాత్రం కంపెనీ ఉంచుకుని వచ్చే వాయిదాకు వినిపించాలనీ జడ్జిగారు అన్నారు.

ఆ చివరి మాటకు నత్త ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు అమ్మమ్మను తెచ్చి కూర్చోబెడితే సరి. వాళ్ళే వినిపిస్తారు!

చెరిపించడానికి కంపెనీ ఇంజనీరు వచ్చాడు. మెట్లు చూసి నీరసపడ్డాడు.

"ఇన్ని గదులు ఎవరు తిరుగుతారు? నీ ప్రోగ్రాం అన్నీ పసిగడుతుందిగా, దాంతోనే చెరిపించెయ్."

"దాని మీదే కదండీ కేసు."

"ఇవాళ్టికి మా తరఫున పనిచేస్తుందిలే."

నత్త ప్రోగ్రాంకు చెరిపే పని కూడా రాసిచ్చింది. నిఘాకని ఆయన తన లాప్‌టాప్‌ను కూడా హాస్టల్ నెట్‌వర్క్‌కు కలిపాడు. సాక్ష్యం కాపీ అందులోనే ఉంది.

"సార్, మీ లాప్‌టాప్ కూడా..."

"ఏంటి గొణుగుతున్నావ్?"

"అందులో ఉన్న పాట కూడా..."

"బేరాలొద్దమ్మాయ్. ఒక్కటి కూడా మిగలకూడదు." ఆమె చేతిని పక్కకు నెట్టి తనే మీట నొక్కాడు.

ప్రోగ్రాం బుద్ధిగా పనిచేసింది. పై అంతస్తు అక్కది తుడిచింది, నత్తది తుడిచింది, ఇంజనీరుగారిదీ తుడిచింది. ఆయన "శభాష్" అని లాప్‌టాప్ మూసి సంచీలో పెట్టుకున్నాడు.

వాయిదా నాడు అమ్మమ్మ మంచి చీర కట్టుకుని ముందు బల్ల మీద కూర్చుంది. సంగతి ఎలా చెప్పాలో తెలియక నత్త ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుతూ కూర్చుంది.

"ఏదీ, వినిపించండి" అన్నారు జడ్జిగారు.

ఇంజనీరు లాప్‌టాప్‌ను నొక్కాడు, తట్టాడు, చెమటలు తుడుచుకున్నాడు. లాయరు లేచాడు. "ఈ అమ్మాయి ప్రోగ్రాం చెరిపేసిందండీ."

"నడిపిందెవరు?"

"మా... ఇంజనీరే."

"సరే, పాట మీదేగా. అసలు టేపు తెప్పించండి."

లాయరు గొంతు సవరించుకున్నాడు. "గోదాము మార్చినప్పుడు ఎటో పోయిందండీ."

కేసు కొట్టేశారు. బయట మెట్ల మీద హాస్టల్ పిల్లలు గంతులేస్తుంటే నత్త వెక్కి వెక్కి ఏడ్చింది.

"గెలిచి ఏడుస్తావేంటే పిచ్చిమొహమా?"

"నీ పాట పోయింది అమ్మమ్మా."

"పోతే ముందు నిలబడ్డావిడ గొంతు పోయింది. వెనక నిలబడ్డది ఇక్కడే ఉందిగా!"

అమ్మమ్మ మెట్టు మీద కూర్చుని పాడింది, తన కోరస్ ముక్కలు మాత్రమే. అసలు గాయని వంతు వచ్చినప్పుడల్లా ఆగి, మోకాలి మీద వేలితో తాళం వేసుకుని, మళ్ళీ అందుకుంది. నత్త ఫోన్ తీసి రికార్డు నొక్కింది. పక్కన ఇంజనీరు కూడా మెల్లగా తన ఫోన్ తీశాడు.

అమ్మమ్మ పాట ఆపింది. "నువ్వు పర్మిషన్ అడిగావా నాయనా?"

ఇంజనీరు ఫోన్ జేబులో దాచబోయాడు.

"చెరిపెయ్యండి సార్" అంది నత్త. ఈసారి గొణగలేదు.