ఎడమచేతి మౌస్

మోజెస్ అన్న చనిపోయాక, బోధన్‌లోని మా పెళ్లికార్డుల షాపులో అతని కంప్యూటర్ ముందు నేను కూర్చున్నాను. అది నత్తలా నడిచేది. అక్కరలేనివన్నీ పీకేసి గుర్రంలా పరిగెత్తించాను. అన్నది ఎడమచేతి వాటం. మౌస్ బటన్లు కుడిచేతికి మార్చాను.

తెల్లారి చూస్తే అవి మళ్లీ ఎడమచేతికే ఉన్నాయి. షాపు ఊడ్చే అవ్వను కసిరాను.

"ముట్టొద్దంటె ఇనవా?"

"తుడుసుకుంట మౌసు ఎడమకు జరిపిన బిడ్డా. లోపలి సంగతి నాకేమెర్క?"

పాస్‌వర్డ్ మార్చినా బటన్లు ఎడమకు మారడం ఆగలేదు. చివరికి విసిగిపోయి, "నువ్వే గెల్సినవ్ అన్నా" అని, ఎడమచేత్తోనే ఓ కార్డు పూర్తిచేశాను.

మర్నాడు తాళం నేనే తీశాను. మౌస్ కుడివైపుంది. బటన్లు నా చేతికి మారి ఉన్నాయి.