పక్క మంచం గొంతు

కంట్లో పెట్టిన పొర నిలవాలంటే వెల్లకిలా పడుకుని కప్పు వైపే చూడాలని డాక్టరమ్మ చెప్పింది. అంతకుముందు రెండుసార్లు ఎవరో దానం చేసిన కంటిపొర అతికించారు. రెండుసార్లూ మసక తిరిగొచ్చింది. ఈసారిది మనిషి కంటిది కాదు, ఫ్యాక్టరీలో తయారుచేసిన పొర. దాని కింద గాలి బుడగ వదిలారు. అదే పొరను పైకి ఎత్తి పట్టుకుంటుందట. తల తిప్పితే జారిపోతుందట. నా రెండో కన్ను ఎప్పుడో పోయింది. అందుకే దగ్గు వచ్చినా భయం.

పక్క మంచం మీద ఆవిడకీ అదే ఆపరేషన్. హాస్టల్లో వంట చేస్తుందట. ఇద్దరం కప్పుకేసి చూస్తూనే మాట్లాడుకునేవాళ్లం. మొహాలు తెలియకుండానే వదినలమైపోయాం.

“ఏం చేస్తుంటావు వదినా?”

“చొక్కాలకి కాజాలు కుట్టేదాన్ని. చూపు తగ్గాక మానేశాను.”

“అయితే చూపొచ్చాక నా నోటికో కాజా కుట్టు. మావాళ్లు నీ పేరు చెప్పుకుని బతుకుతారు.”

“నవ్వించకే తల్లీ, పొర ఊడుతుంది.”

ఆవిడ కాసేపు మాట్లాడకపోతే నాకు గుబులు. “వదినా, ఉన్నావా?” అనేదాన్ని.

“ఎక్కడికి పోతాను, మేకు కొట్టినట్టు పడుంటే.”

ఒక తెల్లవారుజామున నర్సుల గదిలో టీకి పెట్టిన పాలు మాడాయి. ఆ వాసనకి ఆవిడ నిద్రలోనే లేచి, పొయ్యి ఆపడానికి పరుగెత్తింది. పొర జారి మడతపడింది. తీసేశారు.

మర్నాడు సంచి సర్దుతున్న చప్పుడు వినిపించింది.

“వెళ్తున్నావా?”

“తమ్ముడొచ్చాడు. కన్ను కుదుటపడ్డాక చూద్దామన్నారు. ఏం చేస్తాం, పాల పాలైంది.”

తల తిప్పాలని మెడ లాగేసింది. దిండు అంచులు పట్టుకున్నాను. ఆవిడ కనిపెట్టినట్టుంది. “తిప్పావంటే ఊరుకోను. నేనే వస్తా” అంటూ నా మీదికి వంగింది. బుడగ వెనక నల్లటి నీడ నీళ్లలోలా కదిలింది. సబ్బు వాసన తగిలింది.

“ఎలా ఉన్నాను?”

“ఏమీ కనపడట్లేదు వదినా.”

“అదృష్టవంతురాలివి” అని బుగ్గ నిమిరింది. చెప్పుల చప్పుడు మెట్లదాకా విన్నాను. ఆ తర్వాత, ఉన్నావా అని అడగడానికి ఎవరూ లేరు.

నా పొర అతుక్కుంది. బుడగ కరిగిన రోజు నర్సు కోటుకి వేలాడుతున్న గుండీ కనిపించింది. పక్క మంచం మీద ఉతికిన దుప్పటి కనిపించింది.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్తే వరండా బెంచీల నిండా ఆడవాళ్లు. ఒక్కొక్కరి మొహమే చూశాను. అందరూ స్పష్టంగానే ఉన్నారు. ఎవరైనా ఆవిడ కావచ్చు. చివరికి గోడకి ఆనుకుని, కళ్లు మూసుకుని, వాళ్ల మాటలు వింటూ కూర్చున్నాను.