కంచె దాటని వాళ్లు

దూలం జారి ఉరుకుందు కాలి మీద పడ్డప్పుడు గిడ్డమ్మ నెత్తిన సున్నం గంప ఉంది. ఆ గంప ఎక్కడ పారేసిందో ఆమెకే తెలియదు. మగవాళ్లు దూలాన్ని ఎత్తి పట్టుకుంటే, మొగుణ్ణి చంకల కింద చేతులేసి ఇవతలికి లాగింది. మోకాలి కింద ఎముక తెల్లగా బయటికొచ్చింది. గుడ్డ చుట్టి, మంచం మీద వేసుకుని, అందరూ పనిచోటు చుట్టూ కొట్టిన రేకుల కంచె గేటు వైపు పరుగెత్తారు. ఆసుపత్రి ఎంతో దూరం లేదు. కొండారెడ్డి బురుజు దాటి, ఒక బీడీ కాలేంత దూరం.

గేటు దగ్గర మేస్త్రీ పెద్ద ఈరన్న చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు. పరాయివాడు కాడు, గిడ్డమ్మ తండ్రికి సొంత తమ్ముడు. కోసిగి నుంచి ఇంతమందినీ పనికి పిలుచుకొచ్చింది ఆయనే.

"యాడికి పోతాండారు?"

"ఆసుపత్రికి, చిన్నాయనా. జరుగు."

"ఎల్లుండి మంత్రులు వస్తాండారు. నెత్తురు కార్చుకుంటా బజారు నడుమన పోతే పేపరోళ్లు ఊరుకుంటారా? కట్టు కట్టేవాణ్ణి ఈడికే పిలిపిస్తా." అని, మంచం మోస్తున్న వాళ్ల వైపు తిరిగాడు. "అయినా ఈరన్న సామి మీద ప్రమాణం చేసినారే. మరిసినారా?"

మంచం మెల్లగా నేల మీదికి దిగిపోయింది. దింపిన చేతులు కాంట్రాక్టరు మనుషులవి కావు, కోసిగి వాళ్లవే.

ఆ ప్రమాణం సంగతి చెప్పాలి. కర్నూలుకు రాజధాని వచ్చింది. గుడారాల్లో ఆఫీసులు నడుపుకుంటున్న సర్కారుకు, సభలు జరుపుకోవడానికి ఊరి నడిబొడ్డున ఒక పెద్ద మందిరం కావాలనిపించింది. నడిబొడ్డున మిగిలిన జాగా ఒక్కటే. కరువుకు తాళలేక పడమటి పల్లెల నుంచి వచ్చిన కూలీలు పొద్దున్నే వచ్చి కూర్చునే మైదానం అది. పనికి పిలుపు అక్కడే, పని లేని నాడు పడకా అక్కడే. దాని చుట్టూ రేకులు కొట్టేశారు. ఇక ఆ మందిరంలో పేదలను ఉద్ధరించడం గురించి ఉపన్యాసాలు దంచుతారు. పేదలు కూర్చునే చోటు లాక్కుని మరీ దంచుతారు.

కాంట్రాక్టరు నరసింహ భూములున్న ఇంట పుట్టి కాంట్రాక్టుల్లోకి దిగినవాడు, కూలీల గుణం బాగా ఎరిగినవాడు. తొలకరి పడిందంటే కోసిగి వాళ్లు పారలు పడేసి చేలకు పరుగెడతారు. కాగితాల మీది వేలిముద్రలు వాళ్లను ఆపలేవు. అందుకని పెద్ద ఈరన్నను పురమాయించి, కోసిగిలోనే ఉరుకుంద ఈరన్న సామి విబూది ముట్టించి చెప్పించాడు: మందిరం మిద్దె కప్పు పూర్తిగా మూసేదాకా రేకుల కంచె దాటము అని. వీళ్లు భయపడి చెప్పలేదు. మాట మీద నిలబడే మనుషులమని రొమ్ము విరుచుకుని చెప్పారు. ఎదుటివాడి చేత మాత్రం ఒక్క మాటా చెప్పించుకోలేదు. వాళ్లు చేసిన తప్పు అదే.

మిద్దె ఎప్పుడో అయిపోవలసింది. వేదిక మీద కప్పులో ఒక్క మూల మాత్రం నరసింహ మూయనివ్వలేదు. అది తెరిచి ఉన్నంత కాలం వీళ్ల చేత గచ్చు చేయించుకోవచ్చు, తోట తవ్వించుకోవచ్చు, ఏమైనా చేయించుకోవచ్చు. వానలు వచ్చాయి, పోయాయి. కోసిగిలో చేలు బీడు పడ్డాయి. ఓర్చుకోలేక ఉరుకుందు, ఎవరూ చెప్పకుండానే, ఆ మూల మూసేద్దామని దూలం ఎక్కించబోయాడు. జారింది ఆ దూలమే.

కట్టు కట్టేవాడు వచ్చి వెదురు బద్దలు బిగించి పోయాడు. మరునాటికి కాలు ఉబ్బి నల్లబడింది. ఉరుకుందు జ్వరంలో పొలం గురించి మాట్లాడుతున్నాడు, విత్తనాలు తడిసిపోతున్నాయంటున్నాడు. గిడ్డమ్మ ఒక్కతే మంచాన్ని గేటు దాకా ఈడ్చబోతే ముసలి బొజ్జన్న వచ్చి చేతులు పట్టుకున్నాడు. పట్టుకుని ఆయనే ఏడ్చాడు. తన అన్న ఒకసారి ఈరన్న సామికి మాట తప్పాడని, ఆ ఏడాదే ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేకుండా పోయిందని చెప్పాడు. గిడ్డమ్మకు కోపం రాలేదు. గేటుకు వేసిన తాళం పగలగొట్టొచ్చు, మనుషులు ఉన్నారు, గడ్డపారలు ఉన్నాయి. తన వాళ్లే పట్టుకుంటే ఏ గడ్డపార పనికొస్తుంది?

రేకుల సందులోంచి లేవి పలకరించాడు. సిమెంటు మూటలు మోసే హమాలీ. దూలం పడ్డప్పటి నుంచి హమాలీలను లోపలికి రానివ్వడం లేదు.

"అక్కా, నేను ఏ సామికీ మాటియ్యలే. గేటు తీస్తే మీ ఆయప్పను ఈపు మీద ఏసుకొని పోతా. ఎట్లన్నా తెరిపియ్యండి."

మధ్యాహ్నం సంగటి దగ్గర వాదన లేచింది. గేటు పగలగొడదామని కుర్రవాళ్లు, సామి ఊరుకోడని పెద్దవాళ్లు. గిడ్డమ్మ అంతా విని ఒకటే అడిగింది. "మనం విబూది ముట్టినాము. చిన్నాయన ఏం ముట్టినాడు? ఆ నరసింహప్ప ఏం ముట్టినాడు?" ముద్దలు చేతుల్లోనే ఆరిపోయాయి.

మంత్రులు వచ్చే రోజు తెల్లారేసరికి వేదిక మీది మూలకు రంగుల గుడ్డ కట్టి ఉంది. పెద్ద ఈరన్న హడావిడిగా వచ్చి, అందరూ దొడ్డిదారిన హంద్రి ఏటి ఒడ్డుకు పోయి సాయంత్రం దాకా అక్కడే ఉండాలన్నాడు. మంచం కూడా తీసుకుపొమ్మన్నాడు. చిరుగు బట్టలవాళ్లు దొరల కంట పడకూడదని కాంట్రాక్టరు మాట.

"మరి ప్రమాణం?" బొజ్జన్న నెమ్మదిగా అడిగాడు.

"ఈ ఒక్క దినానికి సామి ఏమనుకోడులే. నేను టెంకాయ కొడ్తా."

బొజ్జన్న గచ్చు మీద కూర్చున్నాడు.

"పిల్లోడి కాలు ఇరిగితే ఇడవని సామి, మంత్రి వస్తే ఇడిసినాడా? సామిని నరసింహప్ప జేబులో పెట్టినావు కదప్పా ఈరన్నా. మేము మాట తప్పం. మిద్దె మూయలే. ఈణ్ణుంచి దాటం."

గిడ్డమ్మ గుండె ఒక్కసారిగా పొంగింది. తనను ఇన్నాళ్లూ కట్టేసిన మాటే ఇప్పుడు తన పక్షాన నిలబడింది. మంచాన్ని వేదిక మీదికి ఎక్కించారు. ఆడవాళ్లు, మగవాళ్లు దాని చుట్టూ కూర్చున్నారు. నరసింహ వచ్చి బతిమాలాడు, బూతులు తిట్టాడు, మళ్లీ బతిమాలాడు. కార్ల కోసం గేటు బార్లా తెరిచారు, హమాలీలు లోపలికి చొరబడకుండా పోలీసులు అడ్డం నిలిచారు. తెరిచిన గేటు వైపు ఒక్క కాలూ కదలలేదు. ఆసుపత్రి కనుచూపు మేరలో ఉంది, ఉరుకుందు మూలుగుతున్నాడు, గిడ్డమ్మ పెదవులు కరుచుకుని కూర్చుంది.

మంత్రి కారు బజార్లోనే ఆగిపోయింది. పోలీసు అధికారి చెమటలు తుడుచుకుంటూ వేదిక ఎక్కాడు. మందిరం ఖాళీ చేయమన్నాడు.

"మా కాళ్లు దాటవు సామీ," అంది గిడ్డమ్మ. "మీకు కాళ్లుండాయి, చేతులుండాయి. మోసుకపోండి. ముందు ఆయప్పను మోయండి."

వేరే దారి లేకపోయింది. రాజధాని పోలీసులు కోసిగి కూలీ మంచాన్ని భుజాల మీద పెట్టుకుని గేటు దాటించారు. బజారంతా చూసింది, మంత్రి చూశాడు, పేపర్ల వాళ్లు చూశారు. గేటు అవతల నలుగురు హమాలీలు మంచాన్ని అందుకుని ఆసుపత్రి వైపు పరుగు తీశారు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ చేతులూ కాళ్లూ పట్టి ఎత్తుకొచ్చి లారీలో పడేశారు. బొజ్జన్న తన పాదాలు నేలకు తగలకుండా జాగ్రత్తగా ముడుచుకున్నాడు.

నాయకురాలివి నువ్వేనని గిడ్డమ్మకు సంకెళ్లు వేశారు. మొగుడికి కాలు దక్కుతుందో లేదో, ప్రాణమైనా దక్కుతుందో లేదో ఆమెకు తెలియదు. లారీలోంచి మందిరాన్ని మొదటిసారి కంచె బయటి నుంచి చూసింది. గాలికి రంగుల గుడ్డ లేచిపోయి, తెరిచి ఉన్న మూల కనిపించింది.

"ఆ మూల ఎవురు మూస్తారో సూద్దాం తాతా," అంది బొజ్జన్నతో.

లారీ కదలలేదు. ముందర లేవి, వాడి వెనక హమాలీలు, జట్కావాళ్లు, కూరగాయల గంపలవాళ్లు బజారు నిండా కూర్చుని ఉన్నారు. అధికారి లాఠీ ఎత్తి లేవమన్నాడు.

"లేవలేను సారూ," అన్నాడు లేవి. "మాటిచ్చినా."

"ఎవరికిచ్చావురా?"

లేవి లారీ వైపు చెయ్యి చూపించాడు.