పాత కొలత మీద అరంగుళం

పొద్దున తొమ్మిదింటికి షట్టరెత్తి, మిషన్లకి చెరో చుక్క నూనె వేసి, అత్తగారి కుర్చీని వెలుతురు పడే కిటికీ దగ్గరికి జరిపాక గానీ టైలరమ్మ టేపు మెడలో వేసుకునేది కాదు. ఆ టేపుకి ముందు వైపు అన్ని టేపుల్లాగే అంగుళాలు. వెనక వైపు ఖాళీ. ఆ ఖాళీ వైపుని నొప్పి ఉన్నచోట ఆనిస్తే నీలం రంగులో ఒక అంకె తేలేది. పంటి నొప్పికి ఆరు, బెణికిన మడమకి మూడు, కాన్పు నొప్పులకి పంతొమ్మిది. తియ్యగానే మాసిపోయేది. వీధిలో ఎవరూ దీన్ని పెద్ద విషయంగా తీసుకోలేదు. ప్యాంటు పొడుగు తగ్గించుకోడానికి వచ్చినవాళ్ళు, "పనిలో పని నా నడుం కూడా చూడమ్మా," అనేవారు. వీధి చివర డాక్టరైతే టైలరమ్మ రాసిచ్చిన కొలత చీటీ లేకుండా మందు రాసేవాడే కాదు. చీటీ చేతికొస్తే మనిషి మొహం చూసే శ్రమ తప్పుతుంది కదా.

ఈ టైలరింగులో ఒక అలవాటుంది. పాత కస్టమరొస్తే మళ్ళీ ఎవరు కొలుస్తారు? పుస్తకంలో పాత కొలత చూసి పైన అరంగుళం కలుపుకుంటే సరి. ఏడాది తిరిగేసరికి సన్నబడ్డ మనిషిని ఆ షాపు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. "సన్నబడ్డానండీ" అని తనంతట తను చెప్పుకునేవాడికైతే ముప్పావు కలపాలనేది అత్తగారు. ఆవిడ కాజాలు కుట్టేది, గుండీలు వేసేది, చేతికి పనున్నా నోటికి సెలవిచ్చేది కాదు.

కిందటేడు టైలరమ్మ స్టూలెక్కి పై అరలోంచి కోటు గుడ్డ తాను దింపుతూ వెల్లకిలా పడింది. వెన్నుకి ఆపరేషనైంది. ఇంటికొచ్చిన రోజు అత్తగారు టేపు ఆనిస్తే పదకొండు తేలింది. నిఖార్సైన పదకొండు. పక్క మీద ఇటు నుంచి అటు తిరగాలంటే కళ్ళవెంట నీళ్ళొచ్చేవి. డాక్టరు చిన్న చిన్న తెల్ల మాత్రలు రాశాడు.

మొదటి మాత్ర వేసుకున్న అరగంటకి వీపు మీంచి ఎవరో ఇనప్పెట్టె దించినట్టయింది. ఒక్క వీపేనా? ఇరవయ్యేళ్ళ అలసట దిగింది. కస్టమర్ల గొణుగుడు దిగింది. ఎనిమిదో తరగతిలో చదువు మాన్పించిన నాన్న మీద కోపం కూడా దిగిపోయింది. వెన్నుకని ఇచ్చిన మాత్ర ఇన్ని పనులు చేస్తుందని డాక్టరు చెప్పలేదు. చెబితే జాగ్రత్తపడేదా అంటే, అదీ అనుమానమే.

నెల తిరిగింది. కొత్త చీటీ రాసుకోవాలి. టేపు తియ్యలేదు. పాత కస్టమరే కదా! పదకొండున్నర అని రాసేసింది. పై నెల పన్నెండు. ఏడు నెలలయ్యేసరికి పద్నాలుగున్నర. డాక్టరు తలెత్తకుండా, "పదిహేనొస్తే వీటితో లాభం లేదమ్మా, పై మాత్ర రాస్తాను," అన్నాడు. ఆ పై మాత్ర వాడిన తాపీ మేస్త్రి ఒకాయన మధ్యాహ్నం కునుకు తీస్తూ ఊపిరి తీసుకోవడమే మర్చిపోయాడు. వీధి వీధంతా ఏడ్చింది. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసీ కొత్త చీటీ మీద పదిహేనని రాసి, మడిచి, దారపు కండెల పెట్టె కింద దాచుకుంది.

ఈలోగా బ్యాంకు గుమాస్తా కోటుకి రెండు చేతులూ ఎడమవే కుట్టింది. ఆయన వేసుకుని చూసి, "నా కుడి చెయ్యి ఎటు పెట్టుకోనమ్మా?" అన్నాడు పాపం, మర్యాదగానే.

"రేపటిదాకా జేబులో పెట్టుకో నాయనా," అంది అత్తగారు. అని కోడలి వంక చూసింది. నవ్వలేదు.

నెలకని ఇచ్చిన మాత్రలు ఇప్పుడు ఇరవై రోజులకే అయిపోతున్నాయి. అత్తగారి మోకాలి ఆపరేషనప్పటివి కొన్ని గుండీల అరలో గోధుమరంగు సీసాలో ఉండేవి. మధ్యాహ్నం ఆవిడ కుర్చీలో కళ్ళు మూసుకున్నాక టైలరమ్మ ఆ సీసా మూత తిప్పడం మొదలుపెట్టి మూడు వారాలైంది. ఆరోజూ తిప్పింది. ఒకటి నోట్లో వేసుకుని నీళ్ళు తాగబోయింది. ఎందుకో నాలుకకి తేడాగా తగిలింది. అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నాలుగు చిల్లులు.

"మింగకే, అది చొక్కా గుండీ," అంది అత్తగారు కళ్ళు తెరవకుండానే. "మింగావంటే నా సెట్టులో ఒకటి తగ్గుతుంది. రేపు బయటికొచ్చేదాకా ఎదురుచూడలేను."

టైలరమ్మ గుండీని అరచేతిలోకి ఉమ్మేసింది. మొహం ఎర్రబడింది. "నన్ను దొంగని చేశారా అత్తయ్యా?"

"నేను చెయ్యడమేమిటే? నువ్వే అయ్యావు. మిగిలినవి మందుల షాపులో ఇచ్చేసి గుండీలు పోశాను, అంతే."

"నొప్పండీ! మీకేం తెలుసు?"

"తెలీకేం. నా మోకాలికి పదమూడొచ్చిందని చదివింది నువ్వు కాదూ? టేపిటియ్యి. తిరుగు."

టైలరమ్మ మెడలో టేపుని రెండు చేతులా పట్టుకుంది. ఇరవయ్యేళ్ళుగా మెడలో వేసుకు తిరిగే వస్తువంటే తనకి భయమని అప్పుడే తెలిసింది. "పాత కొలత ఉందిగా..."

"పాత కొలతకి కోటు కుట్టుకో. తిరగమంటే తిరుగు."

తిరిగింది. టేపు వెన్నుకి చల్లగా తగిలింది. అత్తగారు కళ్ళజోడు సవరించుకుంది.

"రెండు."

"సరిగ్గా చూడండి."

"రెండే. కిందా రెండే, పైనా రెండే."

"మరి ఈ ఒళ్ళు లాగేయడం ఏమిటి? ఈ చెమటలు, ఈ ఆవులింతలు? పొద్దున్నే వచ్చే ఈ వెధవ ఏడుపు ఎక్కణ్ణించి?" టైలరమ్మ స్టూలు మీద కూలబడింది.

అత్తగారు వెతికింది. భుజం, పొట్ట, అరికాలు. టేపు తెల్లగానే ఉంది. ఆఖరికి విసుగొచ్చి టేపు కొసని ఆ గోధుమరంగు సీసాకి ఆనించింది. నీలంగా పదమూడు తేలింది.

"అదుగో," అంది. "రెండూ పదమూడూ పదిహేను. పెట్టె కింద చీటీలో లెక్క సరిగ్గానే వేశావు. చోటే తప్పు."

టైలరమ్మ చాలాసేపు ఏడ్చింది. అత్తగారు ఆ గుండీ తుడిచి డబ్బాలో వేసి, కుంటుకుంటూ వెళ్ళి చెప్పులేసుకుని, "పద," అంది.

డాక్టరు చీటీ మీద "రెండు" అని చదివి, ఏడు నెలల్లో మొదటిసారి తలెత్తి ఆమె మొహం చూశాడు. చూశాక ఆయన గొంతు తగ్గింది. "నేను ముందే చూడాల్సింది," అన్నాడు.

"ఇవాళే మానేస్తాను," అంది టైలరమ్మ.

"వద్దమ్మా, ఒక్కసారిగా మానితే ఒళ్ళు తట్టుకోదు. కొంచెం కొంచెంగా తగ్గిద్దాం. వారం వారం వచ్చి కనపడాలి."

"అదేగా మా పనీను," అంది అత్తగారు. "పెద్ద కోటు చిన్నది చెయ్యాలంటే కత్తెర పెట్టం. కుట్టు విప్పి అరంగుళం లోపలికేస్తాం. మళ్ళీ విప్పుతాం, మళ్ళీ వేస్తాం."

మాత్రలు అత్తగారి కొంగు ముడిలోకి చేరాయి. ప్రతి సోమవారం షట్టరెత్తాక ముందు వెన్ను, తర్వాత సీసా కొలిచేవారు. అరంగుళం, అరంగుళం. తిట్టుకున్న వారాలున్నాయి. కత్తెర విసిరిన రోజొకటుంది. ఆరో వారం సీసా మీద అంకె తగ్గకపోగా పెరిగింది. కొంగు ముడిలో రెండు మాత్రలు తక్కువున్నాయి. అత్తగారు మిగిలినవి లెక్కపెట్టి ముడి మళ్ళీ బిగించింది. టైలరమ్మకి అది తిట్ల కంటే గట్టిగా తగిలింది.

మెల్లిగా కొన్ని తిరిగొచ్చాయి. కొత్త గుడ్డ వాసన ముందొచ్చింది. తర్వాత టీ వేడి. నాన్న మీద కోపం కూడా వచ్చింది, రానీ అనుకుంది.

ఒక సోమవారం సీసాకి టేపు ఆనిస్తే తెల్లగానే ఉండిపోయింది. వెన్ను మీద మాత్రం అర తేలింది.

"ఇదెప్పుడు పోతుందో," అంది అత్తగారు.

"అది నాదే లెండి. ఉండనీండి."

సీసాలోని గుండీలు డబ్బాలో పోస్తూండగా బ్యాంకు గుమాస్తా వచ్చాడు. "కొత్త కోటు కావాలమ్మా. పాత కొలతేగా?"

"కాదు. ఇలా నిలబడండి." టైలరమ్మ టేపు ముందు వైపు తిప్పి ఆయన ఛాతీ చుట్టూ వేసింది. చదివింది. మళ్ళీ చదివింది. "అత్తయ్యా, అరంగుళం తగ్గారు!"

అత్తగారి చేతిలో సూది ఆగిపోయింది. "సన్నబడ్డావా నాయనా? చెప్పలేదే!"

"మూడేళ్ళ నుంచీ చెప్తూనే ఉన్నానండీ," అన్నాడు గుమాస్తా.

టైలరమ్మ పుస్తకం తీసి పాత అంకె కొట్టేసింది. పక్కన కొత్తది రాసింది. పైన ఏమీ కలపలేదు.