ఎడమ చేతి ఆలస్యం

అత్తలు కోడళ్లను మనసు లోపల ఎంత ద్వేషిస్తారో మా గైడు రామచంద్రయ్య సారు పద్దెనిమిదేళ్ల కిందట కొలిచాడు. రెండు వందల పన్నెండు మిల్లీసెకన్లు. ఆ అంకె ఆయనకు ప్రమోషన్ తెచ్చింది, శాలువాలు తెచ్చింది, వనపర్తిలో పెళ్లయిన ప్రతివాడికీ సలహా ఇచ్చే ధైర్యం తెచ్చింది. నా పని అదే ప్రయోగాన్ని మళ్లీ చేసి, అదే ఫలితం వస్తుందో లేదో చూడటం. సారు ఉద్దేశంలో మాత్రం అది వచ్చి తీరాలి. నెలాఖరులోగా నా థీసిస్ మీద ఆయన సంతకం పడకపోతే ఏడేళ్ల పీహెచ్‌డీ రద్దు.

ప్రయోగం తేలికే. లాప్‌టాప్ తెర మీద ఒక్కో మాట వస్తుంది. కూతురి పేరో మంచి మాటో వస్తే కుడిచేత్తో కుడి మీట, కోడలి పేరో చెడ్డ మాటో వస్తే ఎడమచేత్తో ఎడమ మీట నొక్కాలి. రెండో సగంలో మంచీ చెడూ వైపులు మార్చుకుంటాయి. ఇప్పుడు కోడలూ మంచీ ఎడమకు, కూతురూ చెడూ కుడికి. ఈసారి వేలు ఎంత ఆలస్యం చేస్తే కోడలంటే లోపల అంత కిట్టదన్నమాట. నోరు అబద్ధమాడుతుంది గానీ వేలు ఆడదని సారు సిద్ధాంతం.

మనుషుల ముఖాలు చూసి మాట్లాడలేని నాకు వాళ్ల వేళ్లు చూస్తూ కూర్చోవడం హాయి. ముప్పై తొమ్మిది మంది అత్తల వేళ్లు చూశాను. సగటు రెండు వందల ఐదు. "శభాష్ జితేందర్!" అన్నాడు సారు ఫోన్లో. ఏడేళ్లలో మొదటిసారి నా పేరు తప్పు లేకుండా పలికాడు.

నలభయ్యో అత్త ఆత్మకూరులో మల్లమ్మ. అంగన్‌వాడీలో ఆయాగా చేసింది, చదవడం వచ్చు. కోడలు ఉమారాణి పక్కనే చాట ముందేసుకుని పల్లికాయలు ఒలుస్తోంది.

"జర చూసి నొక్కు అత్తా. నీ కడుపుల ఏమున్నదో డబ్బా చెప్తదంట."

"నా కడుపుల ఉన్నది రోజు నీకు చెప్తనే ఉన్న గదనే. డబ్బా దేనికి?"

మొదటి సగం మల్లమ్మ చకచకా నొక్కింది. రెండో సగంలో 'దేవుడు' వచ్చాడు. ఆమె ఆగింది. ఎడమచెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుని, కుడిచేతిని అడ్డంగా చాపి ఎడమ మీట నొక్కింది. తర్వాత 'అన్నం'. మళ్లీ అంతే.

"ఎడమ చేత్తోనే నొక్కాలమ్మా."

"ఏంది సారూ, ఎడమ చేత్తోని దేవున్ని నొక్కుమంటవు? గా చేత్తోని పొద్దుగాల ఏం పని చేస్తరో తెల్వదా నీకు?"

అంతలో తెర మీద 'ఉమారాణి' వచ్చింది. ఒళ్లోని ఎడమచెయ్యి లేచి టక్కున నొక్కింది.

"చూసినవా సారూ," అంది ఉమారాణి, "నాకైతే గా చెయ్యే సాలంట!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నేను పాత లెక్కలు తెరిచి చూసుకున్నాను. మిగతా ముప్పై తొమ్మిది మంది మర్యాదస్తులు. చెప్పినట్టే దేవుడినీ అన్నాన్నీ ఎడమచేత్తో నొక్కారు, కాకపోతే సెకనులో ఐదో వంతు జంకి నొక్కారు. ఆ జంకుకే మేం ద్వేషం అని పేరు పెట్టాం. సగం మందికి వైపులు మార్చి పెట్టాలని ఏ పాఠ్యపుస్తకమైనా చెబుతుంది. సారు పెట్టలేదు. ఉన్నదున్నట్టు చెయ్యమన్నాడు గనక నేనూ పెట్టలేదు. నా పిరికితనాన్ని నేను క్రమశిక్షణ అనుకుంటూ వచ్చాను.

కోడలిని కుడికీ కూతురిని ఎడమకూ మార్చి, ఇంకో పదిహేను మంది అత్తలను కూర్చోబెట్టాను. ఇప్పుడు అందరికీ కోడళ్లంటే ప్రాణం. కన్నకూతుళ్లంటే నూట తొంభై మిల్లీసెకన్ల పగ.

ఆ కాగితాలు, థీసిస్, లాప్‌టాప్ పట్టుకుని సారు ఇంటికి పోయాను. సారు అవి పూర్తిగా చూడనే లేదు.

"ఈ పదిహేను మందిని తీసెయ్యి. ఆ మల్లమ్మను గూడ తీసెయ్యి, చెప్పినట్టు చెయ్యలే గద. ముప్పై తొమ్మిది చాలు. రేపే సంతకం పెడత."

"ఒక్కసారి మీరు కూర్చోండి సార్. పాత పద్ధతే."

"నాకెందుకయ్యా? నాకు కూతురైనా కోడలైనా ఒక్కటే."

"అదే కనిపిస్తుంది కదా సార్."

ఆ మాటకు కూర్చున్నాడు. కూతురు పూర్ణిమ పేరు, కోడలు సుహాసిని పేరు ఎక్కించాను. సుహాసిని టీ తెచ్చి వెనకే నిలబడింది. రెండో సగంలో దేవుడు రాగానే సారు కుడిచెయ్యి లేచి, సగం దూరం పోయి, సిగ్గుపడి వెనక్కి వచ్చింది. అన్నానికీ అదే తంతు. చివరికి తెర మీద అంకె పడింది. మూడు వందల నలభై.

"ఇదేంది?" అన్నాడు.

"మీ సిద్ధాంతం ప్రకారం సార్..." అని నేను ఆగిపోయాను.

సుహాసిని ఆగలేదు. "ఊళ్లె అత్తలందరికీ రెండు వందల పన్నెండే గద మామయ్యా? మీకు నా మీద మూడు వందల నలభయ్యా?"

ఆయన తెర వైపు చూశాడు, ఆమె చేతిలోని టీ కప్పు వైపు చూశాడు. పద్దెనిమిదేళ్ల పేరు ఒకపక్క, రోజూ రెండు పూటల టీ ఒకపక్క. ఈసారి ఆలస్యం జరగలేదు.

"ఛీ ఛీ, నీ మీద కాదమ్మా! అది చేతి గొడవ. ఆ లెక్కే తప్పు."

థీసిస్ మొదటి పేజీ ముందుకు జరిపి పెన్ను ఇచ్చాను. "చేతి గొడవ నాలుగో అధ్యాయంలో రాసిన సార్. పదిహేను మందీ ఉన్నరు, మల్లమ్మ గూడ ఉన్నది."

"ఉండనీ, ఉండనీ," అన్నాడు.

సంతకం పెడుతున్నంతసేపూ ఆయన కళ్లు సుహాసిని ముఖం మీదే ఉన్నాయి. సంతకం గీత దాటి నా పేరు మీదికి ఎక్కింది. నేను దిద్దమనలేదు.