ఎల్లాజీని ఏమని పిలవాలి

ఆ మాట అన్నప్పుడు ఎల్లాజీ ఏదో పెద్ద ప్రకటన చేస్తున్నాననుకోలేదు. హైదరాబాదులో ఒక యూట్యూబ్ ఛానెల్ వాళ్ల స్టూడియోలో కూర్చున్నాడు. అప్పుడే వచ్చిన వెబ్ సిరీస్‌లో అతను వేసింది మరో మగాడిని ప్రేమించిన బస్సు కండక్టర్ వేషం. "అలాంటి పాత్ర వెయ్యడం ఇబ్బందిగా అనిపించలేదా?" అని యాంకరమ్మాయి అడిగింది.

"ఇబ్బందెందుకు? నేనూ ఒక మగాడిని ప్రేమించాను. నాలుగేళ్లు కలిసున్నాం. అంతకుముందు ఒకమ్మాయిని ప్రేమించాను. అదీ నిజమే, ఇదీ నిజమే."

"అయితే మిమ్మల్ని ఏమని పిలవాలి?"

"ఎల్లాజీ అని పిలవండి."

నలభై సెకన్ల ఆ ముక్క ఫోన్లన్నీ తిరిగింది. మూడు రోజుల తర్వాత ఆమదాలవలసలో రైలు దిగేసరికి స్టేషన్ బయట టీకొట్టు ఆయన గ్లాసు చేతికిస్తూ మొహం కేసి రెండుసార్లు చూశాడు.

వచ్చింది నాటకం కోసం. నరసన్నపేట హైస్కూల్లో తెలుగు చెప్పిన జగన్నాధం మాస్టారే అతన్ని నటుణ్ణి చేశారు. కళింగపట్నం దగ్గర చేపలవాళ్ల పేటలో పుట్టిన కుర్రాడికి, గొంతుతో కాదు కడుపుతో మాట్లాడాలని నేర్పింది ఆయనే. సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వస్తున్నా, ఏటా నరసన్నపేట పోటీల్లో మాస్టారి నాటకం మాత్రం ఎల్లాజీ వదల్లేదు. ఈసారి ఉప్పుమడిలో పనిచేసే సింహాద్రి పాత్ర.

అతనొచ్చాక రిహార్సల్స్ ఐదు రోజులు నడిచాయి. ఎవరూ ఏమీ అడగలేదు. భార్య పాత్ర వేస్తున్న విశాలి ఎప్పటిలాగే టీ తెచ్చిచ్చింది. కానీ అతను చొక్కా మార్చుకుంటుంటే ఇద్దరు నటులు గోడవైపు తిరిగారు. పదేళ్లుగా ఒకే గదిలో బట్టలు మార్చుకున్నవాళ్లు. ఎల్లాజీకి అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆరో రోజు పొద్దున్నే మాస్టారు స్కూటర్ మీద ఇంటికి వచ్చారు. అమ్మ పేరు తాతమ్మ; ఆమె చేపలమ్మడానికి శ్రీకాకుళం వెళ్లిందనుకున్నాడు ఎల్లాజీ. వేట సరిగ్గా పడక ఆమె ఆరోజు బజారుకే వెళ్లలేదు. ఇంటి వెనక బుట్టలు కడుక్కుంటోంది.

"పోటీల కమిటీవాళ్లు నిన్న పిలిచార్రా," అన్నారు మాస్టారు కుర్చీ అంచున కూర్చుని. "అధ్యక్షుడు ధనరాజు గారు పట్టుబట్టి కూర్చున్నారు. నాటకానికి ముందు మైకులో ఒక్క మాట చెప్పాలట. ఇంటర్వ్యూలో అన్నది నీ గురించి కాదు, పాత్ర గురించేనని."

"అబద్ధం చెప్పమంటారా మాస్టారూ?"

"నటుడివి కదరా. ఒక డైలాగనుకో."

"డైలాగు చెప్తే, అది డైలాగని చూసేవాళ్లకి తెలుసు. ఇది అలా కాదు కదా."

మాస్టారు కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు. "నాకిది అర్థం కాదురా. అర్థం కాలేదని నిన్ను వదులుకోలేను. వాళ్లు కాదంటే మాత్రం నాటకం ఆగిపోతుంది. తొమ్మిదిమంది రెండు నెలల కష్టం."

"నేనే వెళ్లి ధనరాజు గారితో మాట్లాడతాను."

అప్పుడే తాతమ్మ తడిచేతులు చీరకొంగుకు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. "మాస్టారికి మజ్జిగియ్యలేదేటిరా?" అంది. ఆయన మజ్జిగ తాగి, తలదించుకుని వెళ్లిపోయారు.

స్కూటర్ చప్పుడు దూరమయ్యేదాకా ఊరుకుని ఆమె గుమ్మంలో చతికిలబడింది.

"ఆ ఫోనులో ముక్క నానూ సూసినాను. బజార్లో నా పక్కన సేపలమ్మే దేవి సూపించినాది. లోకానికంతా సెప్పినావు. నాకు సెప్పలేదు."

ఎల్లాజీ మాస్టారు తాగిన మజ్జిగ గ్లాసు తీసి పక్కన పెట్టాడు.

"భయమేసిందమ్మా."

"నానేటి కొరికేస్తానా?" మళ్లీ తనే అడిగింది. "ఎవుడాడు?"

"గోవింద్."

గోవింద్ విజయనగరం కుర్రాడు, నాటకాలకి లైటింగ్ చేసేవాడు. ఈ ఇంటికి చాలాసార్లు వచ్చాడు. తాతమ్మ నుదురు చిట్లించింది. "నెత్తళ్ల సేపల ఇగురు మూడుమాట్లు ఏయించుకున్నోడా? పెరట్లో లైటు బాగుసేసినాడు, ఆడేనా?"

"ఆడే."

"మంచోడే కదరా. మరెందుకు ఇడిసిపోయినాడు?"

"బెంగళూరులో పని దొరికింది. మెల్లగా దూరమైపోయాం. ఎవరి తప్పూ లేదు."

"రెండేళ్ల కిందట నువ్వొచ్చి పదిరోజులు కూడు ముట్టలేదు. జొరమన్నావు."

"జ్వరం కాదమ్మా."

అప్పుడు ఏడ్చింది తాతమ్మ. కొడుకు ఎవరిని ప్రేమించాడన్నదానికి కాదు. "మీ నాన్న సముద్రంలో పోయినప్పుడు పేటంతా నా పక్కన కూకున్నాది. గుండెలు బాదుకుని ఏడ్సినాను. నువ్వు ఈ గోడకేసి తిరిగి ఒక్కడివే ఏడ్సుకున్నావా? నాను పక్కగదిలో ఉండగా?"

ఎల్లాజీ ఆమె పక్కన నేలమీద కూర్చున్నాడు.

"దేవి ఏదో ఇంగ్లీషు మాట సెప్పినాది, అలాంటోళ్లని అదంటారంట. నువ్వు అదేనా?"

"కొందరికి ఆ మాట ఆసరా అమ్మా. తమలాంటోళ్లు ఇంకా ఉన్నారని తెలుస్తాది. నాకు మాత్రం ఇంకొకడి చొక్కా తొడుక్కున్నట్టుంటాది. రేపు నా మనసు ఎవరిమీదకెళ్తాదో నాకే తెలీదు."

"నాకిదేటీ నచ్చలేదు, సెప్తన్నాను," అంది తాతమ్మ ముక్కు చీదుకుంటూ. "నువ్వు మైకులో అబద్ధమాడితే అది అసలే నచ్చదు. లెగు, అన్నం తిందువుగాని."

మధ్యాహ్నం బస్సెక్కి నరసన్నపేట వెళ్లాడు. ధనరాజు ధాన్యం కొట్లో కూర్చుని ఉన్నాడు. నిలబడే చెప్పాడు ఎల్లాజీ: "కాదని మాత్రం చెప్పలేనండి. దాని గురించి ఉపన్యాసమూ ఇవ్వను. సింహాద్రిగా వచ్చి, సింహాద్రిగా వెళ్లిపోతాను."

"నా చేత్తో నీకు జ్ఞాపిక ఇవ్వను," అన్నాడు ధనరాజు మొహం చూడకుండా.

"ఇవ్వకండి. నాటకం ఆడనివ్వండి."

ధనరాజు బల్లమీది కరపత్రం కేసి చూశాడు. ఎల్లాజీ ఫోటోతో ఊరంతా పంచేసిన కరపత్రం అది. "ఆడుకో," అన్నాడు విసుగ్గా.

నాటకం రోజు సాయంత్రం ఇంకో చిక్కు వచ్చింది. కార్యక్రమం నడిపే సంహిత శ్రీకాకుళంలో కాలేజీ లెక్చరర్. పరిచయం రాసిన కాగితం అభిమానంగా అతని చేతిలో పెట్టింది. "బైసెక్సువల్‌నని ధైర్యంగా ప్రకటించిన మన ప్రాంతపు నటుడు" అని ఉంది.

"ఇది వద్దు మేడమ్."

"మా స్టూడెంట్స్ ముగ్గురు మీ వీడియో చూసి నా దగ్గరికొచ్చి ఏడ్చారు సార్. వాళ్లకోసమైనా ఉంచండి."

ఇది ధనరాజుకి చెప్పినంత తేలిక కాలేదు. ఎల్లాజీ ఆ కాగితం ఇంకోసారి చదివాడు. మొహానికి రంగు సగమే పడింది.

"రేపు మీ కాలేజీకొస్తాను. వాళ్లతో కూర్చుని ఎంతసేపైనా మాట్లాడతాను, ఏదీ దాచను. కానీ ఆ పేరు నేను పెట్టుకున్నది కాదు. కాదనమన్నాయనకి తల వంచలేదు. మీరు ప్రేమగా పెట్టారని ఇదీ తలకెత్తుకోలేను."

సంహిత చిన్నబుచ్చుకుంది. అయినా పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేసింది. మైకులో "సింహాద్రిగా ఎల్లాజీ" అని మాత్రమే చదివింది.

ముందు వరసలో ధనరాజు కుర్చీ ఖాళీగానే ఉంది. మూడో వరసలో దేవి పక్కన తాతమ్మ, కొత్త చీర కట్టుకుని. తెర లేచిన కాసేపటికి వెనకనుంచి ఎవడో ఈలవేసి పాడుమాట అన్నాడు. కొందరు నవ్వారు. సింహాద్రి అప్పుడు ఉప్పుబుట్ట ఎత్తుకోబోతున్నాడు. ఎల్లాజీ బుట్టమీద చెయ్యి వేసి, బరువు చూసుకుంటున్నవాడిలా ఆగాడు. నవ్వులు తగ్గేదాకా ఆగాడు. తర్వాత నెమ్మదిగా నెత్తికెత్తుకున్నాడు. ఆ బుట్టలో ఏమీ లేదు. అయినా చూసేవాళ్ల మెడలు బిగుసుకున్నాయి. ఆ తర్వాత ఎవరూ కూతలు కూయలేదు.

నాటకానికి రెండో బహుమతి వచ్చింది. జ్ఞాపిక మాస్టారే ఇచ్చారు. ఆ వారంలోనే రెండు ఊళ్లవాళ్లు నాటకాలాడటానికి ఎల్లాజీని పిలిచిన పిలుపు వెనక్కి తీసుకున్నారు. కారణం చెప్పలేదు.

చెప్పినట్టే నాటకం మర్నాడు పొద్దున్న శ్రీకాకుళం కాలేజీకి వెళ్లాడు. క్యాంటీన్ వెనక సిమెంటు బల్లమీద ముగ్గురు పిల్లలు కూర్చున్నారు. ఒకమ్మాయి తనకో పేరుందని, అది దొరికాకే ఊపిరాడిందని చెప్పింది. "మంచిదమ్మా, గట్టిగా పట్టుకో," అన్నాడు ఎల్లాజీ. రెండో అమ్మాయి తనకింకా ఏమీ తెలియదంది. తొందరేం లేదన్నాడు. మూడో కుర్రాడు బల్ల అంచు గోటితో గీకుతున్నాడు. చివరికి అడిగాడు.

"భయం పోతుందా అన్నా?"

ఎల్లాజీ ఆలోచించి చెప్పాడు. "కొంత పోయింది తమ్ముడూ. మిగతాది అలవాటైంది."

కుర్రాడు తలూపి, ఆ బల్లమీదే అతనికి కొంచెం దగ్గరగా జరిగి కూర్చున్నాడు.