మెరుపులు మంచి లక్షణమట!

ఆ మందుల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ డేగమ్మ అనేవాళ్ళు. ఇంజెక్షన్ మందు నింపిన గాజు సీసాలను ఒక్కొక్కటే దీపం ముందు పట్టుకుని, తెల్లపలక ముందు ఐదు సెకన్లు, నల్లపలక ముందు ఐదు సెకన్లు చూసి, లోపల నలుసేదైనా తేలుతోందేమో కనిపెట్టడం ఆమె పని. పద్నాలుగేళ్ళుగా అదే పని. ఇంకొకళ్ళ కన్ను దాటిపోయిన గాజు రవ్వనీ, దారప్పోగునీ ఇట్టే పట్టేసేది. ఆ పేరు ఊరికే రాలేదు.

అలాంటి డేగమ్మ ఒకరోజు పొద్దున్నే, మొదటి గంటలోనే, పదకొండు సీసాలు పనికిరావని పక్కన పెట్టింది. సూపర్‌వైజర్ వాటిని మరో ఇద్దరి చేత చూపించాడు. పదకొండింటిలోనూ మందు కడిగిన ముత్యంలా ఉంది.

“ఏంటమ్మా ఇది? బంగారంలాంటి మందుని చెత్తబుట్ట పాలు చేస్తున్నారు,” అన్నాడు నలుగురూ వినేలా. “యాభై దాటాయి కదా, ప్యాకింగ్‌లోకెళ్ళి అట్టపెట్టెలు మడుచుకోరాదూ?”

డేగమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. తన కొడుకు వయసువాడు తన కళ్ళకు వంక పెట్టడమా! ఏదో అనబోయి ఆగింది. ఎందుకంటే ఆమె నిజంగానే నలుసు చూసింది. ఒక సీసా మళ్ళీ ఎత్తి చూస్తే మెలితిరిగిన నల్లపోగు కనిపించనే కనిపించింది. సీసా కింద పెట్టింది. పోగు మాత్రం తెల్లపలక మీదే ఉండిపోయింది. గోడ వంక చూస్తే గోడ మీదికొచ్చింది. కన్ను కుడికి తిప్పితే తనూ కుడికే జరిగింది, కాస్త ఆలస్యంగా, బద్ధకంగా. నలుసు మందులో లేదు. తన కుడికంట్లో ఉంది.

మర్నాడే వీధి చివరి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. రెండు గంటలు బల్ల మీద కూర్చోబెట్టారు. లోపల మూడు నిమిషాలు. డాక్టరు కంట్లోకి చిన్న దీపం వేసి చూసి, కాగితం మీద ఏదో గీకాడు.

“ఫ్లోటర్స్. వయసుతో వస్తాయి. పట్టించుకోకండి.”

“అంటే ఏంటి సార్ అవి? ఎందుకొచ్చాయి? నేను సీసాలు చూసే పని చేస్తాను. పట్టించుకోకపోతే...”

“అలవాటైపోతుందమ్మా,” అంటూ ఆయన తల ఎత్తకుండానే గంట నొక్కాడు. తలుపు దగ్గర తర్వాతి మనిషి అప్పటికే చెప్పులు విడుస్తున్నాడు.

దారి పొడవునా ఆమెకు ఒళ్ళు మండుతూనే ఉంది. పట్టించుకోకపోవడమేమిటి? పద్నాలుగేళ్ళుగా నలుసును పట్టించుకున్నందుకే కదా తనకు జీతం!

ఇంటి కింది వాటాలో తోడికోడలు ఉంటుంది. మనిషి మంచిది, నోరు ఇంకా మంచిది. ఊళ్ళో ఎవరికి ఏ రోగమొచ్చినా ఆమె దగ్గర ఒక చిరునామా ఉంటుంది. “అక్కా, ఆ డాక్టర్లకి కొయ్యడం తప్ప ఏం తెలుసు? మా పక్కింటావిడకి, కంట్లో వేసుకునే చుక్కల మందిస్తాడే, ఆ చుక్కలాయన మందుతోనే తగ్గింది. అంతా ఆకులూ మూలికలే, చెడు చెయ్యదు,” అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

చుక్కలాయన గది బట్టల కొట్టు పైన ఉంది. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. గంటసేపు ఓపిగ్గా విన్నాడు. ఏ ఆకారంలో ఉంది, ఎటు జరుగుతోంది, ఎండలో ఎక్కువా నీడలో ఎక్కువా అని అడిగి మరీ తెలుసుకున్నాడు. డాక్టరు దగ్గర దొరకని మర్యాద అక్కడ దొరికేసరికి డేగమ్మ మనసు కరిగింది.

“మీ కంట్లో మలినం పేరుకుందమ్మా. ఈ చుక్కలు పొద్దున రెండు, సాయంత్రం రెండు. నలభై రోజుల్లో కరిగి బయటికొచ్చేస్తుంది. మండుతుంది. మండితేనే పనిచేస్తున్నట్టు.”

మండడమంటే మామూలుగానా! కంట్లో కారం కొట్టినట్టుండేది. పళ్ళ బిగువున ఓర్చుకుని వేసుకుంది. పన్నెండో రోజు పొద్దున తల దువ్వుకుంటుంటే కుడికంటి కొసన తళుక్కున మెరిసింది. ఎవరైనా ఫొటో తీశారేమోనని వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. మళ్ళీ మెరిసింది. కాసేపటికి మసి విదిలించినట్టు నల్లటి చుక్కలు బొలబొలా రాలాయి. నిన్నటిదాకా ఉన్నది ఒక్క పోగు, ఇప్పుడు లెక్కకందడం లేదు.

వెంటనే చుక్కలాయనకు ఫోన్ చేసింది.

“శుభం!” అన్నాడాయన. “మలినం కదిలిందన్నమాట. మెరుపులు చాలా మంచి లక్షణం. కంగారుపడి మానెయ్యకండి. రెండు చుక్కల చోట నాలుగు వెయ్యండి.”

ఆ గొంతులో ఎంత నిబ్బరమంటే, ఆమె చెయ్యి నిజంగానే మందుబుడ్డి మీదికి వెళ్ళింది. మూత కూడా తీసింది. అక్కడ ఆగిపోయింది. నిన్న ఒక్క నలుసు ఉన్న సీసాలో ఇవాళ వంద కనిపిస్తే, మందు శుభ్రపడుతోందని ఏ ఫ్యాక్టరీలో అంటారు? మిషను మొత్తం ఆపి, ఎక్కడ పగిలిందో వెతుకుతారు. పెరగడం తగ్గడమెలా అవుతుంది?

“ఏయ్, పైకి రా!” అని తోడికోడలిని కేకేసింది. “పెద్ద కంటి ఆసుపత్రికి పోవాలి. ఇప్పుడే.”

ఆసుపత్రిలో విషయం చెప్పగానే ఆమెను వరుసలో నిలబెట్టలేదు. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేశారు. అరగంట తర్వాత ఒక డాక్టరమ్మ తలకు దీపం తగిలించుకుని, పైకి చూడండి, కిందికి చూడండి అంటూ కంటి మూలమూలలూ వెతికింది.

“మంచి టైముకొచ్చారు,” అందామె. “కంటి వెనక పొర చిరిగింది. ఇంకా ఊడలేదు. ఇవాళే లేజర్‌తో చిరుగు చుట్టూ అతికిస్తాను.”

“పొర చిరగడమేంటమ్మా? మలినం బయటికొస్తోందన్నాడే!” అంది డేగమ్మ.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. “మలినం లేదు, పాడూ లేదు. కంటి లోపలంతా జెల్లీలాంటిది ఉంటుంది. వయసొచ్చేకొద్దీ అది పలచబడి, అక్కడక్కడ పోగులు కడుతుంది. ఆ పోగుల నీడే మీకు కనబడేది. చాలామందికి అంతకుమించి ఏమీ కాదు. కొందరికి మాత్రం ఆ జెల్లీ వెనక పొరను పట్టుకుని లాగుతుంది. లాగినప్పుడు మెరుపులు. చిరిగితే చుక్కల వాన. ఊడిపోతే తెర దించినట్టు చీకటి. ఈ మూడింట్లో ఏది వచ్చినా ఆ రోజే పరిగెత్తుకురావాలి.”

“నేను వేసుకున్న మందుచుక్కల వల్ల చిరిగిందా?”

“కాదు. ఆ చుక్కలు మంట పుట్టించడం తప్ప ఏ మేలూ చెయ్యవు, అంత లోపలిదాకా పోవు కూడా. కానీ వాటిని నమ్ముకుని ఇంకో వారం ఇంట్లో కూర్చుని ఉంటే కన్ను పోయేది.”

లేజర్‌కు ఇరవై నిమిషాలు పట్టింది. గుమ్మం దగ్గర నిలబడ్డ తోడికోడలు ఏడుస్తూ, “నా నోరు పడిపోను, నేనే తీసుకెళ్ళాను,” అంటూనే ఉంది.

రెండు వారాల తర్వాత మళ్ళీ చూసి, చిరుగు అతుక్కుందని డాక్టరమ్మ చెప్పింది. నలుసులు మాత్రం పోలేదు. “వీటికి మందే లేదా?” అని డేగమ్మ నిలదీసింది.

“జెల్లీ మొత్తం తీసేసే ఆపరేషన్ ఉంది. దాంతో శుక్లం తొందరగా రావచ్చు, పొరే ఊడిపోవచ్చు. బతుకే సాగనంతగా ఇబ్బందైతే తప్ప వద్దంటాను. ఆకుకూరలు తినండి, ఒంటికి మంచిది, పోగుల్ని మాత్రం కరిగించవు. అడ్డమొచ్చినప్పుడు కన్ను పైకీ కిందికీ తిప్పండి, పోగు పక్కకు పోతుంది. ఎండలో నల్లకళ్ళద్దాలు పెట్టుకోండి. కొన్ని నెలలకు మెదడే వాటిని లెక్కచెయ్యడం మానేస్తుంది.”

చూస్తే ఇదీ ‘పట్టించుకోకండి’ అన్న మాటే. కానీ ఎంత తేడా!

పనిలోకి వెళ్ళగానే సూపర్‌వైజర్ ప్యాకింగ్ మాటెత్తాడు. “ముందు పరీక్ష పెట్టండి,” అంది ఆమె. మంచివీ చెడ్డవీ కలిపిన వంద సీసాల పరీక్ష అక్కడ అందరికీ ఉన్నదే. ఆమె ప్రతి సీసానూ మెల్లగా తిప్పి, చెయ్యి కదపకుండా నిలిపి, కన్ను ఒక్కసారి పైకీ కిందికీ ఆడించింది. కన్నుతోపాటు కదిలింది తనది, సీసాలోనే తిరిగింది మందుది. ఒక్కటి కూడా తప్పలేదు. సూపర్‌వైజర్ కాగితం మీద సంతకం పెట్టి, “సరేలెండి,” అన్నాడు. ఆమె కాసేపు అక్కడే నిలబడింది, ఇంకో మాటేమైనా వస్తుందేమోనని. రాలేదు.

ఆ సాయంత్రం వీధి చివరి డాక్టరు గదిలోకి వెళ్ళింది. జరిగింది విని ఆయన భుజాలెగరేశాడు. “మీరొచ్చినప్పుడు చిరుగు లేదు కదమ్మా. నేను చెప్పింది తప్పు కాదు.”

“తప్పని ఎవరన్నారు? సగమే చెప్పారు. మిగతా సగానికి ఎంతసేపు పడుతుందో గడియారం చూడండి. ‘మెరుపులొస్తే, చుక్కల వాన కురిస్తే, తెర దిగితే ఆ రోజే రండి.’ ఎంతైంది? ఒక సీసా చూసేంత కూడా కాలేదు. ఆ ఒక్క మాట లేకే నేను మెట్లెక్కి ఆ చుక్కలవాడి కాళ్ళ దగ్గర పడ్డాను!”

ఆయన గంట వైపు చెయ్యి చాపాడు గానీ నొక్కలేదు.

ఆమె కోపం చల్లారలేదు. తోడికోడలిని వెంటబెట్టుకుని అటునుంచటే చుక్కలాయన దగ్గరికి వెళ్ళింది. గదిలో ఎనిమిది మంది కూర్చుని ఉన్నారు. చుక్కలాయన నవ్వుతూ, “మీరు మధ్యలో మానేశారు, నమ్మకం చాల్లేదు,” అన్నాడు.

“నమ్మకం చాలనందుకే కన్ను మిగిలింది,” అని ఆమె అతన్ని వదిలి కూర్చున్నవాళ్ళ వైపు తిరిగింది. “మీలో ఎవరికైనా కంట్లో మెరుపులొస్తున్నాయా? తెర కమ్ముతోందా?”

మూలనున్న మనిషి మెల్లగా లేచాడు. గోళ్ళ సందుల్లో సున్నం, చొక్కా మీద రంగు మరకలు. గోడలకు రంగులేసే మేస్త్రీ. “నాకు మూడు వారాలుగా ఎడంకంటికి పక్కనుంచి నీడ వస్తోందమ్మా. ఇప్పుడు సగందాకా వచ్చింది. మందు పనిచేస్తోందన్నారు...”

“పదండి ఆసుపత్రికి,” అంది డేగమ్మ. అతని రెక్క పట్టుకుని మెట్లు దించింది.

ఆ రాత్రికే ఆసుపత్రిలో చేర్చుకుని, మర్నాడు ఆపరేషన్ చేశారు. పొర అతికింది. కానీ మూడు వారాల ఆలస్యం ఆలస్యమే. ఆ కంటికి మనుషుల ఆకారాలు తెలుస్తాయి, ముఖాలు తెలియవు.

నెల తిరక్కుండానే చుక్కలాయన పక్కవీధిలో ఇంకా పెద్ద గది తీసుకున్నాడని తోడికోడలే కబురు తెచ్చింది. ఈసారి మేస్త్రీని కూడా తీసుకుని ముగ్గురూ కలిసి ఆరోగ్యశాఖ ఆఫీసుకు వెళ్ళారు. గుమాస్తా ఫిర్యాదు చదివి, కళ్ళజోడు పైనుంచి డేగమ్మను చూశాడు.

“మీ కన్ను బాగానే ఉందిగా? మరి ఫిర్యాదెందుకు?”

“బాగుందని ఊరుకోవాలా? పోయాక రావాలా? ఎవరిది పోతే రాసుకుంటారండీ మీరు?” ఆమె గొంతుకు పక్క గదుల్లోంచి తలలు బయటికొచ్చాయి.

మేస్త్రీ ముందుకొచ్చి, ఎడంపక్కనున్న బల్ల అంచు తడుముకుని, దాని మీద చెయ్యి ఆనించాడు. “నాది పోయింది, రాసుకోండి,” అన్నాడు.

గుమాస్తా రిజిస్టరు తెరిచాడు.